ఊపిరితిత్తుల గుట్టు విప్పిన ఇబ్నె నఫీస్

2020 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో తెలుగునాట ఇంటింటా ఒక కొత్త మాట వినవచ్చింది. అది ‘ఎక్మో’. సుప్రసిద్ధ గాయకులు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారిని చెన్నైలోని ఒక ఆస్పత్రిలో ఆ యంత్రం సాయంతో ఉంచారన్న వార్త పత్రికల్లో రోజూ వచ్చేది. సెప్టెంబరు 25న ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాది కరోనా రెండో విడత విరుచుకుపడినప్పుడు ఆ మాట మన బంధువర్గాల్లోకీ, మన మొహల్లాల్లోకీ వచ్చింది. మంచంపై ఉన్న మనిషి రక్తం లావుపాటి గొట్టం గుండా బయటికి వచ్చి, యంత్రంలో ప్రాణవాయువు నింపుకొని, మళ్లీ ఒంట్లోకి వెళుతుందంటే చాలామంది నమ్మలేకపోయారు.

ఈ యంత్రం అమెరికా, ఐరోపా వైద్యుల శ్రమ ఫలితం. ప్రతి కొత్త వస్తువునూ మన పూర్వీకుల ఖాతాలో వేసుకొని మురిసిపోయే అలవాటు మనలో కొందరికి ఉంది. మా ఉద్దేశం అది కాదు. అయితే రక్తం గాలిని కలుసుకునే చోటు ఊపిరితిత్తులేనని, గుండె కుడి గదిలోని రక్తం ఎడమ గదికి చేరాలంటే ఊపిరితిత్తుల మీదుగా పోవడం తప్ప మరో దారి లేదని మనకు తెలిసినంతలో మొట్టమొదట గ్రంథస్థం చేసినవారు ఒక ఫిఖ్హ్ బోధకుడు, ఒక హకీం. ఆయన పేరు అలావుద్దీన్ అలీ ఇబ్నె అబిల్ హజ్మ్ అల్ ఖర్షీ. లోకానికి ఇబ్నె నఫీస్‌గా పరిచితులు. మన ఇళ్లలో ఇబ్నె సీనా పేరు తెలిసినంతగా ఈయన పేరు తెలియదు. ఎందుకు తెలియకుండా పోయిందో ముందు ముందు చూద్దాం.

ఇబ్నె నఫీస్ (రహ్మ) హిజ్రీ 607 ప్రాంతంలో, అంటే క్రీ.శ. 1210 చుట్టుపక్కల, సిరియాలోని డమాస్కస్ సమీపాన జన్మించారు. అది ఎటువంటి కాలమో పాఠకులకు విదితమే. ఒకవైపు సలీబీ యుద్ధాల మంటలు ఇంకా చల్లారలేదు. మరోవైపు తాతారుల దండు తూర్పు నుంచి కదులుతోంది. ఆయన నడివయస్సులో ఉండగానే, 1258లో, బాగ్దాద్ నేలమట్టమైంది. అటువంటి రోజుల్లోనూ డమాస్కస్‌లో చదువు ఆగలేదు. సుల్తాన్ నూరుద్దీన్ జంగీ 12వ శతాబ్దంలో అక్కడ కట్టించిన నూరీ ఆస్పత్రి రోగులకు చికిత్సాలయమే కాదు, విద్యార్థులకు పాఠశాల కూడా. మంచాల మధ్య తిరుగుతూ గురువు రోగిని పరీక్షిస్తాడు, శిష్యులు వెంట నడుస్తారు, తరువాత కూర్చుని గ్రంథం తెరుస్తారు. ముహజ్జబుద్దీన్ దఖ్వార్ అనే పేరుపొందిన హకీం వద్ద ఇబ్నె నఫీస్ ఈ విధంగా వైద్యం అభ్యసించారు. వైద్యుల జీవిత చరిత్రలను పెద్ద గ్రంథంగా కూర్చిన ఇబ్నె అబీ ఉసైబిఅ కూడా ఆ గురువు శిష్యుడే. విచిత్రమేమంటే ఆ గ్రంథం సాధారణంగా లభించే ప్రతుల్లో తన సహాధ్యాయి ప్రస్తావన లేదు! కారణం ఏమిటన్నది చరిత్రకారులు తలా ఒక విధంగా ఊహిస్తారు. మేము ఊహించబోము.

వైద్యంతోపాటు ఆయన అరబీ వ్యాకరణం, తర్కశాస్త్రం, హదీసు, షాఫయీ ఫిఖ్హ్ కూడా క్షుణ్ణంగా చదివారు. కొంతకాలానికి ఈజిప్టుకు వెళ్లి ఖాహిరా (కైరో) నగరంలో స్థిరపడ్డారు. అక్కడి మస్రూరియా మదర్సాలో షాఫయీ ఫిఖ్హ్ బోధించారు. షాఫయీ పండితుల చరిత్ర రాసిన ఇమామ్ సుబ్కీ తన గ్రంథంలో ఈయనకు చోటిచ్చారు. అంటే ఈయనను ఒక ధార్మిక పండితునిగానే లెక్కించారన్నమాట. ఇటు ఆస్పత్రిలో నాడి చూసే చేయి, అటు మదర్సాలో ఫిఖ్హ్ గ్రంథం పుటలు తిప్పే చేయి ఒకటే. దీనీ చదువు వేరు, దునియా చదువు వేరు అని గోడ కట్టుకున్న మన కాలానికి ఇది కొంచెం వింతగానే తోస్తుంది. కాలక్రమంలో ఆయన ఈజిప్టు వైద్యులందరికీ అధిపతి (రయీసుల్ అతిబ్బా) అయ్యారు. సుల్తాన్ బైబర్స్‌కు వైద్యం చేసేవారని కూడా చెబుతారు.

ఆయన రాసే తీరు గురించి జీవితచరిత్రకారులు ఒక ముచ్చట చెబుతారు. రాయాలని కూర్చున్నప్పుడు చెక్కిన కలాలు బొత్తిగా తెచ్చి పక్కన పెట్టేవారట. ఆయన గోడవైపు ముఖం తిప్పుకొని, ఏ గ్రంథమూ తెరిచి చూడకుండా, వరదలా రాసుకుంటూ పోయేవారు. ఒక కలం మొద్దుబారితే దాన్ని అవతల పారేసి మరొకటి అందుకునేవారు. చెక్కుతూ కూర్చుంటే ఆలోచన తెగిపోతుందని భయం. మరొకసారి హమ్మాంలో స్నానం చేస్తూ చేస్తూ నడుమనే బయటి గదిలోకి వచ్చి, సిరా, కలం, కాగితం తెప్పించుకొని, నాడి గురించి ఒక చిన్న గ్రంథమే రాసి ముగించి, తిరిగి లోపలికి వెళ్లి స్నానం పూర్తి చేశారట. ఇటువంటి ముచ్చట్లలో కొంత అతిశయోక్తి ఉండవచ్చు. కానీ ఆయన ‘షామిల్’ అనే వైద్య గ్రంథాన్ని 300 సంపుటాలుగా రాయదలచి 80 సంపుటాల శుద్ధప్రతి తయారుచేశారన్నది చూస్తే, ఆ కలాల బొత్తి కథ నమ్మబుద్ధేస్తుంది.

ఇక అసలు విషయానికి వద్దాం.

ఆ కాలానికి వైద్యశాస్త్రంలో ఇద్దరి మాటకు తిరుగులేదు. ఒకరు గ్రీకు వైద్యుడు జాలీనూస్, రెండవవారు ఇబ్నె సీనా. జాలీనూస్ చెప్పిందేమిటి? గుండె కుడి గదికీ ఎడమ గదికీ నడుమ ఉన్న కండ గోడలో కంటికి కనిపించని రంధ్రాలున్నాయి, వాటి గుండా కొంత రక్తం కుడి నుంచి ఎడమకు జారుతుంది, ఊపిరితిత్తుల నుంచి వచ్చిన గాలి అక్కడ, అంటే గుండెలోనే, దానితో కలుస్తుంది. వెయ్యేళ్లకు పైగా గ్రీకులు, అరబ్బులు, ఐరోపావారు ఈ మాటనే చదివారు, చదివించారు. ఇబ్నె సీనా అయితే గుండెలో మూడు గదులున్నాయని రాశారు.

ఇబ్నె సీనా ‘ఖానూన్’ గ్రంథంలో శరీర నిర్మాణానికి సంబంధించిన భాగాలను తీసుకుని ఇబ్నె నఫీస్ ఒక వ్యాఖ్యానం రాశారు. దాని పేరు ‘షర్‌హె తష్రీహుల్ ఖానూన్’. హిజ్రీ 640 (క్రీ.శ. 1242) నాటి రాతప్రతి ఒకటి నేటికీ ఉంది. అంటే ఆయన వయస్సు సుమారు ముప్ఫై ఉండగానే ఆ గ్రంథం తయారైంది. వ్యాఖ్యానం అంటే మూలానికి గొడుగు పట్టడమే అనుకునే రోజుల్లో, ఆ యువకుడు గురువులకే గురువైన ఇబ్నె సీనాను వరుసగా సరిదిద్దుతూ వెళ్లారు. గుండెకు గదులు మూడు కాదు, రెండే. నడిమి గోడ దళసరిగా, గట్టిగా ఉంది. దానిలో కంటికి కనిపించే దారీ లేదు, జాలీనూస్ అనుకున్న కనిపించని దారీ లేదు. గుండె తన పోషణను గదిలో నిలిచిన రక్తం నుంచి కాదు, తన కండలో పరచుకున్న నాళాల నుంచి తీసుకుంటుంది.

మరి గోడలో దారి లేకపోతే రక్తం ఎడమ గదికి ఎలా వస్తుంది? ఇక్కడే ఆయన తర్కం చూడవలసింది. కుడి గది నుంచి ఒక పెద్ద నాళం ఊపిరితిత్తులకు పోతోంది. ఊపిరితిత్తుల నుంచి మరొక నాళం ఎడమ గదికి వస్తోంది. కనుక రక్తం మొదటి నాళం గుండా ఊపిరితిత్తుల్లోకి పోయి, అక్కడ వ్యాపించి, గాలితో కలిసి, రెండవ నాళం గుండా ఎడమ గదికి రావాలి. ఈ రెండు నాళాల నడుమ ఊపిరితిత్తుల్లో సన్నని దారులు ఉండి తీరాలని కూడా ఆయన రాశారు. సూక్ష్మదర్శిని అప్పటికి లేదు. నాలుగు శతాబ్దాల తరువాత, 1661లో, ఇటలీకి చెందిన మాల్పీజీ కప్ప ఊపిరితిత్తుల్లో ఆ సన్నని నాళాలను కంటితో చూశారు.

షరీఅత్ ఆదేశం, తన మనసులోని జాలి, ఈ రెండూ తనను శవాలను కోసి చూడకుండా ఆపాయని ఆయన అదే గ్రంథంలో రాసుకున్నారు. అయినా గోడ దళసరి గురించి అంత నిశ్చయంగా ఎలా రాయగలిగారన్నది పండితుల మధ్య నేటికీ చర్చ. జంతువుల గుండెను చూసి ఉంటారని కొందరంటారు. ఆయన అన్నీ సరిగ్గానే చెప్పారనీ కాదు. గాలితో కలిసిన రక్తం నుంచి ‘రూహ్’ అనే ప్రాణశక్తి పుడుతుందన్న పాత భావననే ఆయన కొనసాగించారు. రక్తం ఒళ్లంతా తిరిగి మళ్లీ గుండెకే చేరుతుందన్న పూర్తి చక్రాన్ని ఆయన చెప్పలేదు. అది 1628లో ఇంగ్లండు వైద్యుడు హార్వే చెప్పారు. ఎవరి వాటా వారికి ఇవ్వడమే న్యాయం.

ఇంత గొప్ప మాట రాసిన గ్రంథం ఏమైంది? ఇక్కడ మనసు చివుక్కుమంటుంది. ఇబ్నె నఫీస్ ‘ఖానూన్’ను కుదించి ‘మూజజ్’ అనే చిన్న పుస్తకం కూడా రాశారు. పరీక్షకు కావలసిన మాత్రం అందులో ఉంది. అది తూర్పు ఇస్లామీయ దేశాలన్నిటా పాఠ్యగ్రంథమైంది. హిందూస్తాన్‌లోని యునానీ పాఠశాలల్లోనూ తరతరాలు దాన్నే చదివాయి. దానికి నఫీస్ బిన్ ఇవజ్ కిర్మానీ రాసిన వ్యాఖ్యానాన్ని ‘నఫీసీ’ అంటారు. హకీం కబీరుద్దీన్ గారు దాని కుల్లియాత్ భాగాన్ని ఉర్దూలోకి తెచ్చారు. (పేర్ల పోలిక చూసి ఇద్దరు నఫీసులనూ ఒకరనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు.) కానీ గుండె గోడలో రంధ్రాలు లేవని చెప్పిన ఆ అసలు వ్యాఖ్యానం మాత్రం అరల్లో దుమ్ము పట్టింది. సంగ్రహాన్ని కంఠస్థం చేశారు, సాహసాన్ని వదిలేశారు. మదర్సాలో చదివిన మావంటివారికి ఈ జబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసు. మూలం పక్కన పెట్టి హాషియా, హాషియా పక్కన పెట్టి ఖులాసా!

ఈలోగా ఐరోపాలో 1553లో సెర్విటస్, 1559లో కొలంబో ఇదే సంగతి రాశారు. ఇబ్నె నఫీస్ రచన ఏదో విధంగా వారికి అందిందా, లేక వారే స్వయంగా కనుగొన్నారా అన్నది తేలలేదు. చివరికి 1924లో ముహియుద్దీన్ తతావీ అనే ఈజిప్టు వైద్య విద్యార్థి బెర్లిన్ గ్రంథాలయంలో ఆ రాతప్రతిని చదివి, జర్మనీలోని ఫ్రైబుర్గ్ విశ్వవిద్యాలయానికి తన పరిశోధన సమర్పించారు. ఖాహిరాలో ఉన్న జర్మన్ వైద్యుడు మేయర్‌హోఫ్ దాన్ని ధ్రువీకరించి లోకానికి చాటారు. గ్రంథం పుట్టి అప్పటికి దాదాపు 680 ఏళ్లు.

ఇప్పుడు ఎక్మో యంత్రాన్ని ఈ వెలుగులో చూస్తే దాని పని తేలిగ్గా అర్థమవుతుంది. తీవ్రమైన న్యుమోనియాలో ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు నీటితో నిండిపోతాయి. వెంటిలేటర్ గాలిని లోపలికి నెట్టగలదు, కానీ ఆ గాలి రక్తాన్ని చేరే పొర మూసుకుపోతే దాని శ్రమ వృథా. పైగా ఒత్తిడి పెంచేకొద్దీ ఊపిరితిత్తులు మరింత దెబ్బతింటాయి. అప్పుడు తొడ వద్ద పెద్ద సిరలో గొట్టం వేసి నల్లబడ్డ రక్తాన్ని బయటికి లాగుతారు. నిమిషానికి నాలుగైదు లీటర్లు, అంటే పెద్దమనిషి ఒంట్లోని రక్తం దాదాపు అంతా, ఒక పంపు ద్వారా సన్నని బోలు పోగుల కట్టను ఒరుసుకుంటూ ప్రవహిస్తుంది. పోగుల లోపల ప్రాణవాయువు, బయట రక్తం, నడుమ పల్చని పొర. ప్రాణవాయువు రక్తంలోకి వస్తుంది, బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. ఎర్రబడిన రక్తాన్ని మెడ సిర గుండా గుండె కుడి గది వైపే తిరిగి పంపుతారు. కుడి వైపే ఎందుకు? ఊపిరితిత్తులు మాత్రమే చెడి గుండె బాగున్నప్పుడు ఇది చాలు. రక్తం యథావిధిగా ఊపిరితిత్తుల మీదుగానే ఎడమ గదికి పోతుంది. ఇబ్నె నఫీస్ చెప్పిన దారి మారదు. ఆ దారిలో ఊపిరితిత్తులు చేయవలసిన పనిని యంత్రం ముందే చేసి పెడుతుంది, వాటికి విశ్రాంతి దొరుకుతుంది.

ఈ యంత్రం ఒక్కరోజులో రాలేదు. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో డాక్టర్ గిబ్బన్ గుండె ఆపరేషన్ చేస్తూ 26 నిమిషాలపాటు రోగి గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రానికి అప్పగించారు. 1971లో కాలిఫోర్నియాలో డాక్టర్ హిల్ బృందం ప్రమాదంలో గాయపడిన 24 ఏళ్ల యువకుణ్ణి సుమారు మూడు రోజులు కృత్రిమ ఊపిరితిత్తిపై ఉంచి బతికించింది. అందరూ ఆశపడ్డారు. 1979లో వెలువడిన అధ్యయనం ఆ ఆశపై నీళ్లు చల్లింది. 90 మంది పెద్దలపై జరిగిన ఆ పరీక్షలో యంత్రం పెట్టినా పెట్టకపోయినా పదిమందిలో ఒకరు కూడా దక్కలేదు. పసికందుల విషయంలో ఫలితాలు బాగున్నా, పెద్దలకు ఈ వైద్యం చాలాచోట్ల మూలపడింది. 2009లో బ్రిటన్‌లో 180 మందిపై చేసిన అధ్యయనం మళ్లీ తలుపు తెరిచింది. ఎక్మో కేంద్రానికి పంపినవారిలో నూటికి 63 మంది ఆరు నెలల తరువాత తీవ్ర వైకల్యం లేకుండా బతికి ఉన్నారు. పంపనివారిలో 47 మంది. అయితే ఆ కేంద్రానికి పంపినవారిలో నాలుగో వంతు మందికి యంత్రం పెట్టనేలేదన్నది గమనార్హం. 2018 నాటి మరో అధ్యయనంలో 60 రోజుల్లో మరణించినవారు యంత్రం వర్గంలో నూటికి 35, మామూలు చికిత్సలో 46. తేడా ఉంది, కానీ గణాంక శాస్త్రం ప్రకారం అది తిరుగులేని రుజువు కాదని రాసినవారే ఒప్పుకున్నారు. 2020లో కరోనా రోగులు వెయ్యిమందికి పైగా ఎక్మోపై ఉన్నప్పటి లెక్కల్లో మూడు నెలల్లో మరణాలు నూటికి 40లోపు.

కనుక ఇది మందు కాదు, గడువు. జబ్బును అది తగ్గించదు. ఊపిరితిత్తులు కోలుకునేదాకా మనిషిని నిలబెడుతుంది. కోలుకునే ఆశ ఉన్నవారికే, వెంటిలేటర్, బోర్లా పడుకోబెట్టడం వంటి మార్గాలు విఫలమయ్యాకే, ఎక్కువ రోజులు గడవకముందే పెట్టాలని వైద్యులు చెప్పేది ఇందుకే. రక్తం గడ్డకట్టకుండా మందు ఇవ్వాలి. ఆ మందు వల్ల మెదడులోనో మరోచోటో రక్తస్రావం జరగవచ్చు. గొట్టాల వద్ద అంటువ్యాధి సోకవచ్చు. ఖర్చు రోజురోజుకూ లక్షల్లోకి పోతుంది. ఇల్లు అమ్మి కట్టినా మనిషి దక్కని కుటుంబాలున్నాయి, దక్కిన కుటుంబాలూ ఉన్నాయి.

ఇక్కడ మన కుటుంబాలను నలిపేసే ప్రశ్న మరొకటి ఉంది. ఆశ లేదని వైద్యులు చెప్పినప్పుడు యంత్రం తీయించడం పాపమా? 1986లో అమ్మాన్ నగరంలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ ఈ విషయమై తీర్మానం చేసింది. మెదడు పనులన్నీ పూర్తిగా ఆగిపోయి, ఇక తిరిగి రావని నిపుణులైన వైద్యులు నిర్ధారించినప్పుడు, యంత్రబలంతో గుండె కొట్టుకుంటున్నా యంత్రాన్ని తొలగించవచ్చునన్నది దాని సారాంశం. మెదడు మరణం విషయంలో భిన్నాభిప్రాయం ఉన్న ఉలమాలూ ఉన్నారు. అయితే ఎక్మోపై మనిషి మెలకువగా, స్పృహలో ఉండి, ఊపిరితిత్తులు మాత్రం తిరిగి రాని సందర్భం ఉంటుంది. దానికి ఆ తీర్మానం సూటిగా సరిపోదు. అనుభవజ్ఞుడైన వైద్యుడు, ఆ వైద్యం ఏమిటో ఓపిగ్గా విన్న ఆలిం ఇద్దరూ ఒకచోట కూర్చుంటే తప్ప ఆ ముడి వీడదు. ఇబ్నె నఫీస్ కాలంలో ఆ ఇద్దరూ ఒక్క మనిషిలోనే దొరికారు.

ఆయన చివరి రోజులు ఖాహిరాలోనే గడిచాయి. అప్పటికి సుల్తాన్ ఖలావూన్ అక్కడ మన్సూరీ ఆస్పత్రి కట్టించి ఉన్నారు. సుల్తాన్ కాకముందు ఖలావూన్ డమాస్కస్‌లో శూలనొప్పితో బాధపడి నూరీ ఆస్పత్రి మందులతో కోలుకున్నారని, రాజ్యం లభిస్తే అటువంటిదే కట్టిస్తానని అప్పుడే మొక్కుకున్నారని చెబుతారు. ధనిక, పేద, స్త్రీ, పురుషుడు, స్వతంత్రుడు, బానిస అన్న తేడా లేకుండా అందరికీ అక్కడ చికిత్స జరిగేలా వక్ఫ్ ఏర్పాటైంది.

హిజ్రీ 687లో, దాదాపు 80 ఏళ్ల వయస్సులో, ఇబ్నె నఫీస్ జబ్బుపడ్డారు. తోటి వైద్యులు మందుగా కొంచెం మద్యం పుచ్చుకోమని సూచించారు. తన కడుపులో ఆ పదార్థం ఉండగా అల్లాహ్ సన్నిధికి వెళ్లనని ఆయన నిరాకరించారు. ఆరు రోజులు మంచంలో ఉండి, జిల్‌ఖాద మాసం 21వ తేదీ శుక్రవారం (క్రీ.శ. 1288 డిసెంబరు 17) పరమపదించారు. ఆయన ఇల్లు, గ్రంథాలయం, శుద్ధప్రతి చేసిన ‘షామిల్’ 80 సంపుటాలు మన్సూరీ ఆస్పత్రికి వక్ఫ్‌గా చేరాయి. రాయవలసిన మిగతా 220 సంపుటాలు రాయకుండానే మిగిలిపోయాయి.